సంతకానికి ముందు తెలుగు

నిజాంసాగర్ కాలువ కింది పల్లెల్లో గల్ఫ్ పోని ఇల్లు అరుదు. యాభై ఏళ్లుగా బాన్సువాడ, నిజాంసాగర్, పిట్లం, బిచ్కుంద మనుషులు కట్టిన మేడలతో, మోసిన సరుకుతో పెరిగిన రేవు నగరం దుబాయి. అక్కడ మన మనిషి కూలిని, సెలవును, కేసును, చివరికి చావును కూడా నమోదు చేసే కాగితం అరబ్బీలో ఉంటుంది. ఆ కాగితాన్ని అతనికి తెలుగులో చదివి చెప్పే ఏర్పాటు సంతకానికి ముందే ఎందుకు లేదు?

మంజీర మహారాష్ట్రలో బాలాఘాట్ కొండల్లో పుట్టి, బీదర్ మీదుగా తెలంగాణలోకి దిగుతుంది. మరాఠీ నేల, కన్నడ నేల దాటి వచ్చిన ఆ నీటికి అచ్చంపేట, బంజేపల్లి ఊళ్ల మధ్య అడ్డుకట్ట వేసి 1923 నుంచి 1931 దాకా కట్టినదే నిజాంసాగర్. ఏడో నిజాం కాలం, నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఇంజనీరింగు. మొదట్లో 2.75 లక్షల ఎకరాలకు నీళ్లిస్తామన్నారు. కాలువ పారింది, చెరుకు వచ్చింది. చెరుకు వెంట 1930ల చివర్లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. కృష్ణా, గుంటూరు నుంచి రైతులు వచ్చి భూములు కొని క్యాంపులు వేసుకున్నారు. జుక్కల్, మద్నూర్ వైపు మరాఠీ, కన్నడం. బాన్సువాడ, బోధన్ బజార్లలో దక్కనీ ఉర్దూ. క్యాంపుల్లో కోస్తా తెలుగు. చుట్టూ మన తెలుగు. సంతరోజు ఒక్క బేరంలో మూడు భాషలు మారడం ఇక్కడ ఎవరికీ వింత కాదు.

తర్వాత జలాశయంలో పూడిక పెరిగింది. మొదట 29.7 టీఎంసీలు పట్టిన సాగరం ఇప్పుడు 17.8 టీఎంసీలకు దిగింది. ఎగువన సింగూరు కట్టి, ఆ నీటిలో పెద్ద వాటా హైదరాబాద్ దాహానికి మళ్లించారు. చివరి ఆయకట్టు రైతు కాలువకేసి చూడడం మానేసి బోరు వేశాడు. బోరుకు అప్పు, అప్పుకు వడ్డీ. 2015లో బోధన్ ఫ్యాక్టరీ మూతపడింది. ఆ నీటి కరువులో, ఆ అప్పులో గల్ఫ్ ఒక దారి అయింది. ఆ దారి పాతదే. 1973లో చమురు ధర ఎగసినప్పటి నుంచే నిజామాబాద్, కరీంనగర్ జిల్లాల మనుషులు బొంబాయి ఏజెంట్ల చేతుల మీదుగా అక్కడికి పోవడం మొదలైంది. మొదట పోయినవాడు తమ్ముడిని తీసుకుపోయాడు, తమ్ముడు బామ్మర్దిని. రెండు తరాలు గడిచేసరికి ఊరికో గల్ఫ్ గల్లీ ఏర్పడింది.

ముత్యాల రేవు, రూపాయి రేవు

దుబాయిని ఎడారిలో నిన్న మొన్న మొలిచిన ఊరు అనుకునేవాళ్లు చాలామంది. అది నిజం కాదు. ఊరి నడుమకు చొచ్చుకొచ్చే సముద్రపు పాయ ఒడ్డున అది రెండు వందల ఏళ్లుగా రేవు. 1833లో మక్తూమ్ కుటుంబం అబూధాబీ నుంచి తన తెగతో వచ్చి అక్కడ స్థిరపడింది. ముత్యాలు వెతికేవాళ్లు, పడవలు కట్టేవాళ్లు, ఖర్జూరం అమ్మేవాళ్లు దాని మొదటి జనం. 1894లో పాలకుడు మక్తూమ్ బిన్ హషర్ వర్తకుల మీద పన్ను ఎత్తేశాడు. గల్ఫ్ అవతలి ఒడ్డున ఇరాన్‌లోని లింగే రేవులో సుంకాలు పెరగడంతో అక్కడి వర్తకులు సముద్రం దాటి దుబాయి చేరారు. వాళ్ల గాలి గోపురాల ఇళ్ల పేట ఇప్పటికీ ఉంది. సింధీలు, గుజరాతీలు బట్ట, బియ్యం, ముత్యాల వ్యాపారంలో ఉండేవారు. 1909లో ఆ రేవులో తెరిచిన తపాలా కార్యాలయం భారత తపాలా శాఖదే.

డబ్బూ మనదే చెల్లేది. 1959 దాకా మామూలు భారత రూపాయి, ఆ తర్వాత రిజర్వు బ్యాంకు ప్రత్యేకంగా అచ్చువేసిన గల్ఫ్ రూపాయి. 1966లో మన ప్రభుత్వం రూపాయి విలువ తగ్గించాకే ఆ సంబంధం తెగింది. జపాన్ సాగు ముత్యాలు, ప్రపంచ ఆర్థిక మాంద్యం కలిసి 1930లలో ముత్యాల వ్యాపారాన్ని కూల్చినప్పుడు దుబాయి ఆకలి చూసింది. మళ్లీ లేచింది రేవుతోనే. కువైట్ దగ్గర అప్పు తెచ్చి పాయలో ఇసుక తవ్వించారు, పెద్ద పడవలు లోపలికి రాగలిగాయి. 1966లో చమురు దొరికింది. అయితే అబూధాబీలో దొరికినంత కాదు. చమురు అయిపోతుందన్న ఎరుకతోనే అప్పటి పాలకుడు షేక్ రషీద్ ఆ సొమ్మును రేవుల్లో పోశాడు. 1972లో పోర్ట్ రషీద్, 1979లో జెబెల్ అలీ. 1985లో జెబెల్ అలీ పక్కన స్వేచ్ఛా వాణిజ్య మండలం. జెబెల్ అలీ దించి ఎక్కించిన కంటైనర్లు, 20 అడుగుల పెట్టెల లెక్కన చూస్తే, 2023లో 1 కోటి 44 లక్షలు దాటాయి.

ఇంత సరుకు కదలాలంటే మనుషులు కావాలి. దుబాయి ఉన్న యూఏఈ దేశం మనుషులు చాలరు. నగర జనాభాలో పదింట తొమ్మిది వంతులు బయటివాళ్లే. దుబాయిలోని దేరా పేటలో నిలబడితే మలయాళం, ఉర్దూ, పష్తో, బంగ్లా, తగాలోగ్, ఫార్సీ, నేపాలీ, అమ్హరిక్ ఒక్కసారిగా చెవిన పడతాయి. వాటి మధ్య మన తెలుగు కూడా. సోనాపూర్, జెబెల్ అలీ, అల్ కూజ్ లేబర్ క్యాంపుల్లో రాత్రి వంట పొయ్యిల దగ్గర అయితే నిజామాబాద్ యాసలోనే ముచ్చట్లు.

ఇన్ని భాషల ఊరికి అనువాదం ఒక పెద్ద పరిశ్రమ. న్యాయశాఖ లైసెన్సు పొందిన అనువాదకుడి ముద్ర లేనిదే కోర్టులో ఏ పరభాషా కాగితమూ చెల్లదు. కంపెనీ ఒప్పందాలు, ఓడ సరుకు పత్రాలు, ఆస్తి దస్తావేజులు, పెళ్లి పత్రాలు అన్నీ ఆ ముద్రల కింద నడుస్తాయి. చైనా నుంచి సరుకు తెచ్చే వర్తకుడు పేజీకి ఇంత అని చెల్లించి అనువదింపజేసుకుంటాడు. రష్యా నుంచి వచ్చి ఫ్లాట్ కొనే ధనికుడికి అతని భాషలో మాట్లాడే మనిషి కార్యాలయంలోనే ఉంటాడు. డబ్బున్నవాడి భాషకు ఆ ఊళ్లో లోటు రాలేదు. సిమెంటు బస్తా మోసేవాడి భాషకే వచ్చింది.

ఒక కాగితం, పదకొండు భాషలు

మన మనిషి జీవితంలో ముఖ్యమైన కాగితం ఆఫర్ లెటర్. 2016 జనవరి నుంచి యూఏఈ కార్మిక శాఖ దాన్ని మార్చింది. ఉద్యోగం ఇచ్చేవాడు తనకిష్టమైన తీరులో రాయడానికి వీల్లేదు, ప్రభుత్వం నిర్ణయించిన నమూనాలోనే రాయాలి. కార్మికుడు సొంత దేశంలో ఉండగానే దాని మీద సంతకం చేయాలి, అక్కడికి వెళ్లాక చేసుకునే ఒప్పందం దానికి తగ్గి ఉండకూడదు. అంతకుముందు ఇక్కడ ఒక జీతం చెప్పి అక్కడ ఇంకో కాగితం మీద వేలిముద్ర వేయించుకునేవారు. ఆ మోసాన్ని కట్టడి చేయడానికి వచ్చిన మంచి నిబంధన ఇది. అరబ్బీ, ఇంగ్లీషుతో పాటు కార్మికుడికి తెలిసిన మూడో భాషలో కూడా ఆ కాగితం ఇవ్వాలన్నది అందులో ఇంకా మంచి భాగం.

ఆ ఏర్పాటు మొదలైనప్పుడు కాగితానికి పెట్టిన భాషలు పదకొండు: అరబ్బీ, ఇంగ్లీషు, ఉర్దూ, హిందీ, బంగ్లా, మలయాళం, తమిళం, నేపాలీ, సింహళం, దరీ, చైనీస్. ఈ జాబితాలో తెలుగు లేదు.

ఈ జాబితా చదివినప్పుడల్లా నాకు బాధే. నేపాలీ ఉండడం న్యాయం, సింహళం ఉండడం న్యాయం. వాళ్లంతా మన మనుషుల పక్క మంచాల మీద పడుకునేవాళ్లే. మలయాళం ఉండడమూ న్యాయమే. కేరళ ప్రవాసుల కోసం 1996లోనే ఒక ప్రత్యేక శాఖ పెట్టింది. మనం మన భాష అడగలేదు. తెలుగువాడు ఎలాగూ హిందీ అర్థం చేసుకుంటాడులే అని మన పాలకులు, మన ఏజెంట్లు, మనం కూడా అనుకున్నాం.

అర్థం చేసుకుంటాడా? కొంతవరకు. నిజాంసాగర్ ప్రాంతానికి ఈ విషయంలో ఒక కలిసొచ్చిన అంశం ఉంది. పక్కింటి సాయిబులతో ఆడుకుంటూ పెరిగిన పిల్లవాడికి దక్కనీ వచ్చేస్తుంది. దుబాయిలో పాకిస్తానీ ఫోర్‌మన్‌తో, హిందీ మాట్లాడే మేస్త్రీతో అతనికి ఇబ్బంది లేదు. ఎనిమిదిమంది ఉన్న గదిలో దక్కనీ వచ్చినవాడే అందరికీ దుబాసీ. ఆస్పత్రికి అతనే తోడు పోవాలి, సూపర్‌వైజర్‌తో అతనే మాట్లాడాలి, ఆ రోజు కూలి పోగొట్టుకుని కార్మిక శాఖ పనులు చూసే తసహీల్ సెంటరుకు అతనే వెంట రావాలి. బాన్సువాడ ముస్లిం యువకుడికైతే ఖురాన్ చదివిన చదువు వల్ల అరబ్బీ అక్షరం కూడా వస్తుంది. కానీ అక్షరం కూడబలుక్కుని పలకడం వేరు, చట్టం భాషలో రాసిన వాక్యం తెలియడం వేరు. గదిలో అందరూ తన వైపు చూస్తుంటే ఆ కుర్రాడు పడే ఇరకాటం అక్కడ ఉండి వచ్చినవాళ్లకే తెలుసు. మాట్లాడే హిందీ అన్నం పెడుతుంది. ఒప్పందంలోని హిందీ వేరే. అందులోని సంస్కృత పదాల పరిపాలనా భాష పదో తరగతి దాటని మన మనిషికి అరబ్బీ కన్నా పెద్దగా దగ్గర కాదు.

ఇక్కడ ఏజెంటు దుకాణంలో జరిగేది ఎలా ఉంటుందో ఈ ప్రాంతంలో అందరూ ఎరిగినదే. టికెట్టు దగ్గర పడ్డాక కాగితాలు బల్ల మీద పడతాయి.

“అన్నా, గిండ్ల ఏం రాసిండ్రే?”

“ఏం లేదు తమ్మీ, జీతం, డ్యూటీ రాసిండ్రు. గీడ పెట్టు సంతకం. ఫ్లైట్ రేపేనాయె.”

ఏం రాశారో చూద్దాం. జీతం గడి ఒక్కటి కాదు, రెండు. మూల వేతనం ఒకటి, భత్యాలు ఇంకొకటి. నెలకు 1,200 దిర్హాములు అని చెప్పారనుకోండి. అందులో మూల వేతనం 500, మిగతా 700 తిండి, వసతి, ఇతర భత్యాలుగా రాయవచ్చు. మూల వేతనం 1,000, భత్యం 200 అని కూడా రాయవచ్చు. చేతికి నెలనెలా వచ్చేది రెండింటిలోనూ అదే. తేడా బయటపడేది చివర్లో. అక్కడి చట్టం ప్రకారం ఉద్యోగం వదిలి వచ్చేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల వేతనం, ఆ పైన ఏడాదికి 30 రోజుల వేతనం. పదేళ్లకు మొత్తం 255 రోజులు. దాన్ని లెక్క కట్టేది మూల వేతనం మీదే. మూల వేతనం 500 ఉన్నవాడికి వచ్చేది 4,250 దిర్హాములు. 1,000 ఉన్నవాడికి 8,500. ఓవర్‌టైము అదనమూ మూల వేతనం మీదే, మామూలు వేళల్లో 25 శాతం, రాత్రి పది నుంచి తెల్లవారుజాము నాలుగు మధ్య 50 శాతం. అంటే ఆ రెండు గడుల్లో ఏ అంకె ఎందులో పడిందన్న దాని మీద పదేళ్ల గ్రాట్యుటీలో సగం ఆధారపడి ఉంది. ఆ సంగతి సంతకం పెట్టేవాడికి తెలుగులో చెప్పడానికి రెండు నిమిషాలు చాలు.

కాగితం వెనక ఉన్న నిబంధనలు ఇంకా చాలా. ప్రొబేషన్ ఆరు నెలలు మించకూడదు. ఏడాదికి 30 రోజుల జీతపు సెలవు ఉండాలి. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటల పని. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకు ఆరుబయట పని చేయించకూడదు. పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోవడం నేరం. జీతం బ్యాంకు ద్వారానే పడాలని 2009లో ఒక పద్ధతి పెట్టారు. 2022 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న కొత్త కార్మిక చట్టం, దానితో పాటు ఉన్న నిబంధనలు ఇలా మన మనిషికి అండగా ఉన్నాయి. అదే చట్టంలో ఇంకో మాట కూడా ఉంది: రెండు భాషల పాఠాల్లో తేడా వస్తే చెల్లేది అరబ్బీ పాఠమే.

రెండో సంతకం తిరిగి వచ్చేటప్పుడు. వీసా రద్దు చేసే కాగితం మీద, తనకు రావాల్సిన బకాయిలన్నీ ముట్టాయని కార్మికుడు సంతకం పెట్టాలి. ఎన్నో ఏళ్ల తర్వాత ఇంటికి పోతున్నాననే ఆనందంలో, విమానం తప్పిపోతుందేమోనన్న ఆత్రంలో మనవాళ్లు దీన్ని చూడరు. సంతకం పడ్డాక గ్రాట్యుటీ రాలేదని ఫిర్యాదు చేస్తే ముందుకొచ్చేది ఆ కాగితమే. గల్ఫ్ నుంచి వచ్చి, పైసలు రావాల్సి ఉన్నాయని బాన్సువాడలో చెప్పుకునేవాళ్లు చాలామంది చిక్కుకున్నది ఈ ఒక్క సంతకం దగ్గరే.

మచిలీపట్నం రేవులో మాట ధర

తెలుగువాళ్లకు రేవు కొత్త కాదు, దుబాసీ పని కొత్త కాదు. 17వ శతాబ్దంలో గోల్కొండ సుల్తానుల పెద్ద రేవు మచిలీపట్నం. అక్కడి నుంచి కలంకారీ అద్దకం బట్టలు పారశీక గల్ఫ్‌కు వెళ్లేవి. బందర్ అబ్బాస్‌కు ఓడలు నడిచేవి. ఇరాన్‌లోని అర్దిస్తాన్ నుంచి వచ్చిన మీర్ జుమ్లా గోల్కొండ వజీరయ్యాడు, తన సొంత ఓడలు నడిపించాడు. ఆ శతాబ్దం మొదటి దశకంలోనే డచ్చివారు దిగారు. 1611లో ఇంగ్లీషు కంపెనీ ఓడ గ్లోబ్ వచ్చింది. 1669లో ఫ్రెంచివారు వచ్చారు. వీళ్లెవరికీ తెలుగు రాదు, ఫార్సీ అంతంత మాత్రం. నేతగాడికి బయానా ఇవ్వాలన్నా, రేవు అధికారి హవల్దారుతో సుంకం తగ్గించుకోవాలన్నా దుబాసీ లేనిదే అడుగు పడదు. దుబాసీలు మాట అటు ఇటు చెప్పే మనుషులు మాత్రమే కాదు. ధర వాళ్లే ఖాయం చేసేవారు, పూచీ వాళ్లే ఉండేవారు, తమ వ్యాపారం కూడా పక్కన చేసుకునేవారు. 1639లో ఫ్రాన్సిస్ డే మద్రాసు తీరంలో జాగా సంపాదించినప్పుడు అతని వెంట ఉన్న దుబాసీ తెలుగువాడైన బేరి తిమ్మన్న. 1864 నవంబరు తుఫానులో మచిలీపట్నం సుమారు 30,000 మందిని పోగొట్టుకుని, రేవుగా మళ్లీ పాత వైభవానికి రాలేదు.

ఆనాడు పరదేశి వర్తకుడికి మాట అవసరం, కాబట్టి దుబాసీకి డబ్బిచ్చాడు. ఇవాళ మన కూలీకి మాట అవసరం, అతని దగ్గర డబ్బు లేదు. ఆ ఖర్చు భరించాల్సినవాళ్లు ముగ్గురు: పనికి పెట్టుకునేవాడు, పంపిన ఏజెంటు, అతను పంపే రూపాయలతో ఖజానా నిండుతున్న ప్రభుత్వం.

తాతల నాటి కాగితాలు

నిజాంసాగర్ నేలకు ఈ అనుభవం కొత్త కాదని చెప్పడానికి ఒక కారణం ఉంది. 1948 దాకా ఈ ప్రాంతంలో ప్రభుత్వ భాష ఉర్దూ. రైతు భూమి కాగితం ఉర్దూలో, కోర్టు తీర్పు ఉర్దూలో, తాఖీదు ఉర్దూలో. పట్వారీ చదివిందే చదువు, చెప్పిందే అర్థం. నీ పేరు పట్టాలో ఉందని పట్వారీ అంటే ఉంది, లేదంటే లేదు. ఇంటింటా తాతలు చెప్పిన భూమి తగాదాల మూలం వెతికితే చాలాసార్లు చదవలేని ఒక కాగితమే తేలుతుంది.

ఈ నేల దాన్ని ఊరికే భరించలేదు. 1921 నవంబరులో హైదరాబాద్‌లో జరిగిన నిజాం రాష్ట్ర సంఘ సంస్కార సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభలో గేలి చేశారు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. 1930లో ఆంధ్ర మహాసభ తొలి సమావేశం సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జోగిపేటలో జరిగింది. అదీ మంజీర వైపు ఊరే. తన కాగితం తన భాషలో ఉండాలని అడిగినవాళ్ల మనవలు ఇవాళ షేక్ జాయెద్ రోడ్డు పక్కన ఎండలో నిలబడి, అర్థం కాని కాగితం మీద సంతకం పెడుతున్నారు. తాతల కోరిక న్యాయమైతే మనవల కోరికా న్యాయమే.

కోర్టులో, ఆస్పత్రిలో, పెట్టెలో

దుబాయి కోర్టుల్లో వ్యవహారం అరబ్బీలోనే జరుగుతుంది. నిందితుడికి, సాక్షికి దుబాసీని ఇస్తారు. తెలుగు దుబాసీ దొరకడం కష్టం. హిందీలోకి, ఉర్దూలోకి మార్చి చెప్పి అక్కడి నుంచి అరబ్బీలోకి పోవాలి. మాట ఒక్కో మెట్టు దిగుతున్నకొద్దీ అందులోంచి ఏదో ఒకటి రాలిపోతుంది. కొట్లాటలో “నేనూ అక్కడున్న” అన్న మాటకు, “నేనూ కొట్టిన” అన్న మాటకు మధ్య ఒక మనిషి జీవితమంత దూరం ఉంది. సిరిసిల్ల ప్రాంతం నుంచి పోయిన ఐదుగురు, 2005లో ఒక నేపాలీ కార్మికుడి హత్య కేసులో దుబాయి జైలులో పడి, 2024 మొదట్లో కానీ ఇల్లు చేరలేదు. దాదాపు 18 ఏళ్లు. సిరిసిల్ల ఎమ్మెల్యే కేటీఆర్ 2011లో నేపాల్ వెళ్లి మృతుడి కుటుంబానికి పరిహారం అందజేసి, క్షమాపత్రం సంపాదించినా ఇంతకాలం పట్టింది. ఆ కేసులో తప్పొప్పులు నేను తేల్చేవి కావు. భాష రానివాడు పరాయి కోర్టులో ఎంత ఒంటరిగా ఉంటాడో తెలుసుకోవడానికి ఆ 18 ఏళ్లు చాలు. పక్కనే ఉన్న అబూధాబీ 2019లో కార్మిక కోర్టుల్లో అరబ్బీ, ఇంగ్లీషు తర్వాత మూడో భాషగా హిందీని చేర్చింది. అడిగితే, అవసరం చూపితే భాషలు చేరతాయని దానివల్ల తెలుస్తోంది.

మనిషి చనిపోతే కాగితాలు ఇంకా పెరుగుతాయి. ఆస్పత్రి నివేదిక, పోలీసుల అనుమతి, మరణ ధ్రువపత్రం ముందు అరబ్బీలో పుడతాయి. తర్వాత భారత కాన్సులేట్ పాస్‌పోర్టు రద్దు చేసి నిరభ్యంతర పత్రం ఇవ్వాలి. సోనాపూర్‌లో శవానికి రసాయనాలు ఎక్కించాలి. కార్గోలో చోటు దొరకాలి. శంషాబాద్ నుంచి అంబులెన్సు ఊరు చేరేసరికి కొన్నిసార్లు వారం, కొన్నిసార్లు నెల. అక్కడ ఈ తిరుగుడంతా తిరిగే తెలంగాణ కార్మిక సంఘాల స్వచ్ఛంద కార్యకర్తలు తమ డ్యూటీ మానుకుని, తమ జేబు డబ్బు పెట్టుకుని చేస్తారు. వాళ్లకు చేతులెత్తి మొక్కాలి.

మట్టి చేశాక మొదలయ్యేది రెండో ప్రయాణం. మిగిలిన జీతం, గ్రాట్యుటీ, బీమా రావాలంటే వారసుల ధ్రువపత్రం కావాలి. తహసీల్దారు ఇచ్చిన ఆ కాగితం ఇంగ్లీషులోకి, అక్కడి నుంచి అరబ్బీలోకి మారాలి. భారత విదేశాంగ శాఖ ముద్ర, యూఏఈ రాయబార కార్యాలయం ముద్ర, దుబాయిలో మళ్లీ ముద్ర. ఇక్కడే పేర్ల చిక్కు వస్తుంది. ఆధార్‌లో గంగవ్వ, రేషన్ కార్డులో గంగామణి, భర్త పాస్‌పోర్టులో ఇంకో స్పెల్లింగు అనుకోండి. మన ఊళ్లో ఆమెవరో అందరికీ తెలుసు. అరబ్బీ కాగితంలో ముగ్గురు వేర్వేరు ఆడవాళ్లు అయిపోతారు. ఒక్క అక్షరం తేడాను సరిచేయడానికి ఆమె బాన్సువాడ, కామారెడ్డి, హైదరాబాద్ ఎన్నిసార్లు తిరగాలో. వాట్సాప్‌లో వచ్చిన అరబ్బీ కాగితం ఫొటోను తొమ్మిదో తరగతి కూతురు ఫోను అనువాదంలో పెట్టి అమ్మకు చదివి వినిపించడం ఈ ఇళ్లలో జరిగే పని. బస్సు బోర్డు చదవడానికి ఆ ఫోను పనికొస్తుంది. పరిహారం దావా మీద నిర్ణయం తీసుకోవడానికి పనికిరాదు.

హైదరాబాద్‌లో ఉన్నదంతా

తెలుగు–అరబ్బీ తెలిసినవాళ్లు ఎక్కడ దొరుకుతారని అధికారులు అడగవచ్చు. హైదరాబాద్‌లోనే దొరుకుతారు. 1888 నుంచి అరబ్బీ రాతప్రతులను పరిష్కరించి అచ్చువేస్తున్న దాయిరతుల్ మారిఫ్ ఉస్మానియా ఆవరణలో ఉంది. ఉస్మానియాలో అరబ్బీ శాఖ ఉంది, ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో అరబ్బీ అధ్యయనాలున్నాయి. నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్ నుంచి వచ్చినవాళ్ల వారసులు బార్కస్‌లో ఉన్నారు. వాళ్లలో అరబ్బీ, ఉర్దూ, తెలుగు మూడూ తెలిసిన కుటుంబాలున్నాయి. అంతకన్నా ముఖ్యంగా, ఇదే హైదరాబాద్ 1917లో దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ పెట్టి, ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం వైద్యం, గణితం, చట్టం పుస్తకాలను ఉర్దూలోకి తెచ్చుకుంది. ఒక భాష కోసం ప్రభుత్వం డబ్బు పెట్టి అనువాదకులను నియమిస్తే ఏం సాధ్యమో వందేళ్ల కిందట ఈ నగరమే చేసి చూపింది.

ఇప్పుడు కావాల్సింది అంత పెద్ద పని కూడా కాదు. ఆఫర్ లెటర్ నమూనా ఒక్కటే, అందరికీ అదే. పేరు, జీతం, వృత్తి, తేదీలు మాత్రమే మారతాయి. దాన్ని ఒక్కసారి, చట్టం తెలిసిన మనిషి, అరబ్బీ తెలిసిన మనిషి, కామారెడ్డి జిల్లా మాట తెలిసిన మనిషి కూర్చుని తెలుగు చేస్తే అందరికీ సరిపోతుంది. వీసా రద్దు కాగితం, జీతం ఫిర్యాదు ఫారం, ఆస్పత్రిలో సమ్మతి పత్రం కూడా అంతే. అన్నీ కలిపి పాతిక పేజీలు కావు.

తెలంగాణ ప్రభుత్వం గల్ఫ్‌లో చనిపోయినవాళ్ల కుటుంబాలకు 5 లక్షల రూపాయల సాయం ఇస్తానని 2024లో ఉత్తర్వు ఇచ్చింది. విదేశీ ఉద్యోగాల కోసం రాష్ట్రానికి సొంత సంస్థ టామ్‌కామ్ ఉంది. హైదరాబాద్‌లో ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయం ఉంది. 1983 వలస చట్టం కింద ఏజెంటుకు లైసెన్సు ఇచ్చేది కేంద్రం. ఆ లైసెన్సు షరతుల్లో ఒక వాక్యం చేరిస్తే చాలు: సంతకం పెట్టించే ముందు తెలుగు పాఠం చేతికివ్వాలి, చదవలేనివాడికి చదివి వినిపించాలి, వినిపించినట్లు ఫోనులో రికార్డు చేసి కార్మికుడి కుటుంబానికి పంపాలి. తెలుగు పాఠానికి అక్కడ చట్టబలం వచ్చేదాకా ఆగనవసరం లేదు. అది చేతిలో ఉంటే, అరబ్బీ కాగితంలో ఏ గడి దగ్గర ఆగి అడగాలో మనిషికి తెలుస్తుంది.

దుబాయి వైపు అడగాల్సింది వేరే. జాబితాలో పన్నెండో భాషగా తెలుగు. ఆ ఊళ్లో తెలుగు రాష్ట్రాల మనుషులు ఎందరున్నారో, ఏ పనుల్లో ఉన్నారో లెక్క కట్టి, ఇద్దరు ముఖ్యమంత్రులూ కలిసి విదేశాంగ శాఖ ద్వారా అడగవచ్చు. కార్మికుల కోసం భారత ప్రభుత్వం 2010లో తెరిచిన సహాయ కేంద్రం ఫోనులో తెలుగులో మాట్లాడే ఏర్పాటు ఉంది. అక్కడి కోర్టుకు, ఆస్పత్రికి వెంట పోయే తెలుగు దుబాసీలను జీతమిచ్చి పెట్టడం దాని తర్వాతి మెట్టు. గదిలో దక్కనీ వచ్చిన కుర్రాడు కూలి పోగొట్టుకుని చేస్తున్న పనికి శిక్షణ, లైసెన్సు, జీతం ఇస్తే అతనే ఆ ఉద్యోగానికి తగినవాడు.

వచ్చే నెల బాన్సువాడ నుంచి బయల్దేరే పిల్లలున్న ఇళ్లవాళ్లు అప్పటిదాకా ఆగలేరు. వాళ్లు ఏజెంటు దుకాణంలో మూడు అడగాలి. కాగితం ఒకరోజు ముందు ఇంటికివ్వమనాలి. మూల వేతనం గడిలో ఏ అంకె ఉందో వేలు పెట్టి చూపించమనాలి. మూడో భాష పాఠం హిందీ అయినా, ఉర్దూ అయినా ఒక నకలు తీసుకుని, ఊళ్లో టీచరు చేతనో, మసీదు దగ్గర చదువుకున్న పెద్దమనిషి చేతనో చదివించుకోవాలి. వీసా మీద రాసిన పని, కాగితం మీద రాసిన పని ఒకటేనా అని అప్పుడే చూసుకోవాలి. విజిట్ వీసా మీద పంపి అక్కడికి పోయాక కాగితం ఇస్తామనే ఏజెంటుకు పాస్‌పోర్టు ఇవ్వొద్దు.